నాలుగో మాట

భోజనాల దగ్గర నోరు జారినవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. కానీ ఒక్క పిలుపుతో సొంత చెల్లెలి పెళ్ళి ఆపినవాడు సిరవార చుట్టుపక్కల క్యాంపులన్నిట్లోనూ బసవయ్య ఒక్కడే.

ఆ రోజు బసవయ్య తండ్రి శివరామకృష్ణయ్య గారింట్లో తాంబూలాలు. కూతురు శివపార్వతిని మేనమామ చెంచయ్య కొడుకు రంగాకి ఇవ్వాలన్నది పిల్ల ఉయ్యాల్లో ఉండగానే అనుకున్న మాట. అనుకున్నది ఎవరో కాదు, అమ్మమ్మ హనుమాయమ్మ. చెంచయ్య ఆవిడ కొడుకు, పార్వతి తల్లి ఆవిడ కూతురు. అటు మనవడు, ఇటు మనవరాలు. తుంగభద్ర కాలవ నీళ్ళొస్తాయని విని, గుంటూరు జిల్లాలో ఉన్న కాస్తా అమ్ముకుని రెండు కుటుంబాలూ ఈ నల్లరేగడికి వచ్చి పాకలు వేసుకుని క్యాంపు కట్టుకున్నప్పుడు, "భూమి కొత్తదైతే అయింది, చుట్టరికం పాతదే ఉండాలి" అని ఆవిడ ఆ మాట మళ్ళీ గట్టి చేసింది. ఆవిడ గట్టి చేశాక మిగతావాళ్ళకు మిగిలే పని తలూపడమే.

మంచి ఘడియ సాయంత్రం ఉంది. ఈలోగా పంక్తి వేశారు. రాయచూరు కాలేజీలో బి.ఏ. చదువుతున్న బసవయ్య, రంగా పక్కపక్కనే కూర్చున్నారు. పప్పులో ఉప్పు తక్కువైంది. బసవయ్య పక్కకి తిరిగి, "తమ్ముడూ, ఆ ఉప్పు ఇటందుకో" అన్నాడు.

రంగా అందించాడు. నెయ్యి వడ్డిస్తున్న హనుమాయమ్మ చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది.

"ఎవర్రా తమ్ముడు?" అంది.

బసవయ్య నోట్లో ముద్ద నోట్లోనే ఉంది.

"రంగా నీకంటే నాలుగు నెలలు పెద్ద. పైగా బావ. తమ్ముడెలా అయ్యాడు?"

"అలవాటమ్మమ్మా. రాయచూర్లో మేమంతా అలాగే పిలుచుకుంటాం."

"మీరంతా అంటే?"

బసవయ్యకు అబద్ధమాడటం రాదు, నిజం దాచటమూ రాదు. ఆ రెండూ చేతకానివాడు నోరు మూసుకోవాలి, పాపం అదీ చేతకాదు. తీగ లాగితే డొంకంతా కదిలింది.

రాయచూర్లో రైల్వే స్టేషన్ వెనక పంపమ్మ అనే ముసలావిడ రాతి ఇల్లొకటి ఉంది. దాన్ని కాలేజీ పిల్లలు కొందరు కలిసి అద్దెకు తీసుకున్నారు. క్యాంపుల నుంచి వచ్చిన ఆంధ్రావాళ్ళు, దేవదుర్గ వైపు కన్నడం వాళ్ళు, తెలంగాణ సరిహద్దు పల్లెల వాళ్ళు, ఇద్దరు ముగ్గురు సాయిబుల పిల్లలు. ఆ ఇంటికి వాళ్ళు పెట్టుకున్న పేరు భాయిచారా. అంటే అన్నదమ్ముల పొత్తు. అందులోకి ఎవడుపడితే వాడు దూరిపోవడానికి లేదు. కొత్తగా చేరినవాణ్ణి దసరా దాకా 'కొత్తనీళ్ళు' అంటారు. కాలవకు కొత్తగా నీళ్ళు వదిలితే పుల్లా పుడకా, చచ్చిన పామూ అన్నీ కొట్టుకొస్తాయి కదా, తేరుకునే దాకా ఎవరూ నోట పోసుకోరు. అలాగే వీడు తేరుకోవాలని. కొత్తనీళ్ళు బావిలో నీళ్ళు తోడాలి, గిన్నెలు తోమాలి, పెద్దవాళ్ళు అడిగితే తప్ప మాట్లాడకూడదు. దసరా సాయంత్రం జమ్మి ఆకు, ఆ దేశంలో దాన్ని బన్ని అంటారు, చేతిలో పెట్టించుకుని, నాలుగు మాటలు అని, 'తబక్' అనే ఒకే ఒక్క వెడల్పాటి రాగి పళ్ళెంలో అందరితోపాటు తినాలి. ఆ క్షణం నుంచి వాళ్ళంతా అన్నదమ్ములు. వయసుతో పనిలేదు. ముందు ఆకు పుచ్చుకున్నవాడు అన్న, తర్వాత పుచ్చుకున్నవాడు తమ్ముడు. బసవయ్య కిందటేడు పుచ్చుకున్నాడు, రంగా ఈ ఏడు.

"బాగుందిరోయ్! నా కొడుకు నా మేనల్లుడికి తమ్ముడయ్యాడన్నమాట" అని చెంచయ్య పెద్దగా నవ్వాడు. తల్లి మొహం చూసి నవ్వు మింగేశాడు.

"ఒకే పళ్ళెంలోనా? ఎవరెవరు?" అంది హనుమాయమ్మ.

"అందరం."

"సరే, ఆ సంగతి తర్వాత తేలుస్తాను. ఆ నాలుగు మాటలేమిటి?"

బసవయ్య తల వంచుకున్నాడు. ఇంటి లోపలి మాట బయట అనకూడదు, అది కట్టుబాటు. ఆవిడ రంగా వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా."

"చెప్పకూడదు నాయనమ్మా" అన్నాడు రంగా, విస్తరాకులోకి చూస్తూ.

హనుమాయమ్మ నేతిగిన్నె కింద పెట్టింది. "మా ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు దేవుడి ముందు అన్నదమ్ములమని చెయ్యి చెయ్యి వేసుకున్నారు. మూడు తరాలు ఆ రెండిళ్ళ మధ్యా పిల్లనివ్వలేదు, పుచ్చుకోలేదు. ఇది జమ్మి ఆకు. పాండవులు ఆయుధాలు దాచుకున్న చెట్టుది. అది చేతపట్టుకుని అన్నదమ్ములమనుకున్నాక, వాడి చెల్లెలు వీడికి ఏమవుతుంది?"

జవాబు తెలియనివాళ్ళు ఆ పంక్తిలో ఎవరూ లేరు. చెప్పినవాళ్ళూ లేరు.

ఆవిడే తేల్చింది. "నీ చెల్లెలు నా చెల్లెలు అనే మాట రంగా నోట రాలేదని ఆ ఇంటి పెద్దెవరో చెబితే, తాంబూలాలు మర్నాడే. వచ్చిందంటే మాత్రం ఈ పెళ్ళి మాట నా దగ్గర ఇంకెవరూ ఎత్తొద్దు. వరస తప్పిన పెళ్ళి నా చేతుల మీద జరగదు."

వచ్చిన నలుగురూ సుష్ఠుగా తిని, తాంబూలం లేకుండానే చేతులు తుడుచుకుని వెళ్ళారు. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పొద్దుగూకకుండానే కాలవ గట్టు మీద ఇంకో రకంగా నడిచింది. పిల్లలో ఏదో లోపం ఉందట, మేనమామే వెనక్కి తగ్గాడట అని. ప్రమాణాలు చేసేది మగపిల్లలు, పేరు పోయేది ఆడపిల్లది. ఈ ధర్మం ఏ నేలకు వలస వెళ్ళినా మన వెంటే వస్తుంది.

పార్వతికి అప్పటికి రెండు బాధలు. ఒకటి, రంగాతో పెళ్ళి జరుగుతుందా లేదా. అతనంటే ఆమెకిష్టం. ఇష్టపడమని పెద్దలు చెప్పారని కాదు. మొదటిసారి వాళ్ళ పొలం బోదెలోకి కాలవ నీళ్ళు వదిలిన రోజు, ఆ నీళ్ళకు ముందు కేకలేసుకుంటూ పరుగెత్తిన పిల్లవాడు రంగా. అతని వెనక పరుగెత్తింది పార్వతి ఒక్కతే. ఆ పరుగులోనే ఇష్టపడింది. ఇక రెండో బాధ, ఆ నాలుగు మాటలేమిటి? ఇదీ చిన్నదేం కాదు. మూతపెట్టిన గిన్నె కనిపిస్తే మూత తీసి చూడందే ఆ పిల్లకు తోచదు. సిరవార బళ్ళో కన్నడం పంతులు కూడా, "నువ్వడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే నేను మళ్ళీ చదువుకోవాలమ్మా" అనేవాడు.

సాయంత్రం ఎడ్లను విప్పుతున్న బసవయ్యను పట్టుకుంది. "అన్నయ్యా, ఒక్కటే అడుగుతాను. అమ్మమ్మ అన్న మాట అందులో ఉందా?"

"నన్నడక్కే."

"ఉందన్నమాట."

"నేననలేదు!"

"లేకపోతే లేదనేవాడివిగా" అంది పార్వతి. బసవయ్య ఎడ్లకంటే ముందు తను నీళ్ళ తొట్టి వైపు పారిపోయాడు.

మర్నాడు బసవయ్య, రంగా కాలేజీకి వెళ్ళిపోయారు. నాలుగు రోజులాగి శివరామకృష్ణయ్య రాయచూరు బయల్దేరుతుంటే, పార్వతి జడ వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వెక్కడికే?" అంది తల్లి రాజ్యలక్ష్మి.

"నాన్నతో. పెళ్ళి నాదేగా."

తల్లి కేకలేసింది. శివరామకృష్ణయ్య మెత్తని మనిషి. కూతురి మొహం చూసి, "నాకా బోర్డుల మీద కన్నడం చదవడం రాదు, తోడు రానీలే" అన్నాడు. పదేళ్ళుగా ఆయన ఒంటరిగానే రాయచూరు వెళ్ళి ఎరువులు కొనుక్కొస్తున్నాడు. ఆ సంగతి భార్యకూ తెలుసు, అయినా ఊరుకుంది.

బస్సు కల్మల దగ్గర ఆగి కూలి జనాన్ని ఎక్కించుకుని, కిక్కిరిసి రాయచూరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. పంపమ్మ ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మం ముందు చెప్పులు బారులు తీరి ఉన్నాయి. లోపల గోడకు ఆనించి, నిలబెడితే నడుం దాకా వచ్చే రాగి పళ్ళెం, కళాయి తళతళలాడుతూ కనిపించింది. పార్వతి దాన్ని చూసి, ఇంత పళ్ళెంలో తినాలంటే చేతులెక్కడి దాకా చాచాలో అని లెక్క వేసుకుంది.

చేటలో జొన్నలు చెరుగుతున్న ఒక గడ్డం మనిషి లేచాడు. మేష్టారేమో అనుకుంది. కాదు, విద్యార్థే. పేరు అమరప్ప. తెలంగాణ సరిహద్దు పల్లెలో కూలి చేసుకునే వాళ్ళ పిల్లవాడు. గొడ్లు కాసి కాసి ఆలస్యంగా బళ్ళో చేరాడు గనక కాలేజీకొచ్చేసరికి గడ్డం నిండిపోయింది. ఆ ఇంటికి పెద్దన్న అతనే.

"కూసోండి కాకా. బసవయ్య నాయినవు కదా, మొకం చూస్తెనే తెలుస్తున్నది" అని చాప వేశాడు. "పోరగాళ్ళు కాలేజ్ పొయిండ్రు. వచ్చే యాళ్ళయింది."

శివరామకృష్ణయ్య కాలవ నీళ్ళ గురించి మాట్లాడాడు, వడ్లకు పట్టిన తెగులు గురించి మాట్లాడాడు, కిందటేటి వానల గురించి కూడా మాట్లాడాడు. వచ్చిన పని మాత్రం గొంతు దాటడం లేదు. పార్వతి ఓపిక పట్టింది. ఆమె ఓపిక ఎంతదో మనకు తెలిసిందే.

"మీ నాలుగు మాటలేమిటండీ?" అనేసింది.

అమరప్ప నవ్వాడు. "ఇంట్ల మాట బయట చెప్పొద్దు చెల్లె."

"చెల్లె అన్నారుగా. మీకు చెల్లెలంటే బయటిదా, లోపలిదా?"

అమరప్ప చేట కింద పెట్టాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఏంది కాకా, ఇంట్ల వకీలును పెంచుతున్నవా?" అన్నాడు. తర్వాత నవ్వు మాని, "నిజమే. బసవయ్య చెల్లెవంటె మాకందరికి చెల్లెవే. లోపలిదానివే. చెప్త విను" అన్నాడు.

"నేనొచ్చినప్పుడు ఈ ఊర్ల మా అసోంటోళ్ళకు ఎవ్వరు మకాన్ కిరాయికియ్యలే. ఇంట్ల ఆడపిల్లలున్నరు, పోరగాళ్ళను ఎట్ల పెట్టుకుంటం అనిరి. మసీదు కాడ పండుకున్నం, స్టేషన్ల పండుకున్నం. పంపమ్మ అవ్వకు మనవరాలుండె, అంబమ్మ అని. అవ్వ గూడ అదే మాటన్నది. భరోసా ఏంది మీకు, అని. ఆ దినం దసరా. మేం నలుగురం బన్ని తెచ్చి అంబమ్మ చేతుల పెట్టినం. నువ్వు మా అందరికి చెల్లెవు, అని ఒట్టేసి కసం తిన్నం. అవ్వ తాళంచెవి చేతికిచ్చింది. మా భాయిచారా పుట్టింది గిట్ల."

"అయితే మాటలు?" అంది పార్వతి.

"ఒక తబక్‌ల తింటం. ఒకడు మంచాన పడితె అందరం మేలుకుంటం. ఒకని తల్లి అందరికి తల్లి. ఒకని చెల్లె అందరికి చెల్లె. గంతే. ఇంకేం లేదు."

ఇంతేనా అనిపించింది పార్వతికి. మరుక్షణమే ఇది ఇంతే అనుకునేంత చిన్నది కాదనిపించింది. తల దాచుకోవడానికి చోటు దొరకని పిల్లలు, తాము నమ్మదగినవాళ్ళమని చెప్పుకోవడానికి లోకంలో ఉన్న చుట్టరికాలన్నీ వెతికి చివరికి అన్నదమ్ముల వరస ఎత్తుకున్నారు. అదీ దాని అర్థం. శివరామకృష్ణయ్య మొహం మాత్రం పాలిపోయింది.

"నాలుగోది అందరూ అనాల్సిందేనా నాయనా? మాది మేనరికం..."

"అయ్యో, ఎందుకు కాకా గంత పరేషాన్? మా దాంట్ల మేనరికాలు లేవా? అక్క బిడ్డనే చేసుకుంటరు మా దిక్కు. మొదటేడే ఆ తకరారు వచ్చింది. అప్పుడే రివాజు పెట్టినం. మేనబావలు ఇద్దరూ ఉంటె, నాలుగో మాట కాడ పిల్లను చేసుకునేటోడు నోరు మూసుకొని ఉండాలె. మిగిలినోళ్ళం అంటం. గంతే."

శివరామకృష్ణయ్యకు ప్రాణం లేచొచ్చింది. "చూశావుటే అమ్మా! రివాజుందట! ఊరికే అమ్మమ్మ హడలగొట్టింది" అని భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడే పంపమ్మ వచ్చి, క్యాంపు బియ్యం ఎలా దొరుకుతాయో కనుక్కోవాలని ఆయన్ను పెరట్లోకి పిలిచింది. ఆయన హుషారుగా వెళ్ళాడు.

అమరప్ప మళ్ళీ చేట అందుకున్నాడు. జొన్నల్లో రాళ్ళేం లేవు, అయినా ఏరుతున్నాడు.

"రంగా బావ నోరు మూసుకున్నాడా?" అంది పార్వతి.

అతను లేని రాయి కోసం చేటంతా వెతికాడు.

"లోపలిదాన్ననే కదా చెప్పారు."

"నేనే చెప్పిన చెల్లె, నువ్వు నాలుగోది అనొద్దు అని" అన్నాడు అమరప్ప, మెల్లగా. "అన్నడు. నేను చెయ్యి పట్టి ఆపిన. మేనరికముంది కదరా, అని చెవుల చెప్పిన. తెలుసన్నా, అని మళ్ళ గట్టిగ అన్నడు. బసవయ్య పక్కనే ఉన్నడు."

పార్వతికి ముందు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఎందుకు అన్నాడా అని ఆశ్చర్యమే కలిగింది. ఎంతమాత్రం అర్థం కాని లెక్క ఎదురైనట్టు అలా కూర్చుండిపోయింది. ఏడుపు తర్వాత, వీధిలో రంగా గొంతు వినిపించాక వచ్చింది. అతను ఎవరితోనో నవ్వుతూ వస్తున్నాడు. క్యాంపులో అతను అలా నవ్వడం ఆమె వినలేదు.

చావిట్లో పార్వతిని చూసి రంగా, బసవయ్య ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. పార్వతి కళ్ళు తుడుచుకుని అన్న మొహంలోకి చూసింది. "నీకు తెలుసు. నాతో చెప్పలేదు."

"కసం తిన్నానే" అన్నాడు బసవయ్య. అతని కళ్ళలోనూ నీళ్ళు. "ఇటు చెబితే వాళ్ళకు ద్రోహం, అటు చెప్పకపోతే నీకు. మింగలేక కక్కలేక చచ్చిపోతున్నాను."

పార్వతి రంగా వైపు తిరిగింది. "ఎందుకన్నావు?"

రంగా గడప దాటి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి చెప్పాడు.

"నువ్వు చెడ్డదానివని కాదు పార్వతీ. నన్నెవరూ అడగలేదు. ఉయ్యాల్లో ఉన్న నిన్ను చూపించి ఇది నీ పెళ్ళాంరా అన్నారు. అప్పటికి నాకు లాగు బొత్తాం పెట్టుకోవడం రాదు. చదువూ అడగలేదు, పొలమూ అడగలేదు. ఇక్కడికొచ్చాకే, నువ్వు మాతో ఉంటావా అని అమరన్న అడిగాడు. పుట్టాక నాకై నేను ఎంచుకున్న చుట్టరికం ఇదొక్కటే. అందులో కూడా ఒక మాట మింగేసి, సగం మనిషిగా చేరాలా? నాలుగూ అనాలనిపించింది. అనేశాను."

"నన్ను వద్దనుకున్నావు. అది నోటితో చెప్పలేక ఆకు అడ్డం పెట్టుకున్నావు."

రంగా కాదనలేదు. "నాయనమ్మ మాట కంటే పెద్దది నాకు ఆ ఆకు తప్ప ఇంకేం దొరుకుతుంది?" అన్నాడు చివరికి. "నీక్కూడా ఒక రకంగా మేలేననుకున్నాను. నిన్ను మాత్రం ఎవరడిగారు?"

అమరప్ప మధ్యకు వచ్చాడు. "చెల్లె, ఇంకొక్క మాట. వాడు ఆకు తిరిగిచ్చి మాట వాపస్ తీసుకోవచ్చు. దసరా దాకా ఆగేది లేదు, ఇప్పుడే. అప్పుడు నీ షాదీకి అడ్డం లేదు. కాని మాట వాపస్ తీసుకున్నోడు ఈ ఇంట్ల ఉండడు, తబక్ కాడ కూసోడు. అది గూడ రివాజే. మాకు బాధనే. కానీ నీ బతుకు మా ఆట కాదు. నువ్వు చెప్పు."

రంగా మొహం నల్లబడింది. "నీ పేరు పాడవుతుందంటే మాట వెనక్కి తీసుకుంటాను" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే తీసుకునేవాడు. కానీ ఆ మాటంటూ అతను చూసింది పార్వతిని కాదు, గోడకు ఆనించిన పళ్ళేన్ని.

ఆ చూపు పార్వతి చూసింది. అడిగితే చాలు, రంగా తనవాడు. అమ్మమ్మ సంతోషిస్తుంది, క్యాంపు నోరు మూతపడుతుంది, తాంబూలాలు రేపే. కావాలని ఎంత ఉందో ఆ పిల్లకే తెలుసు. కానీ తనవైపు నడిపించుకొచ్చిన మనిషి బతుకంతా ఈ పళ్ళెం వైపే చూస్తూ కూర్చుంటే, ఆ చూపు రోజూ ఎదురుగా పెట్టుకుని అన్నం వడ్డించాలి. అది తనవల్ల కాదు.

పెరట్లోంచి శివరామకృష్ణయ్య నవ్వుకుంటూ వచ్చాడు. "పదమ్మా, బస్సు టైమయింది. అమ్మమ్మకు చల్లని కబురు తీసుకెళ్దాం. ఏరా రంగా, నోరు మూసుకున్నావుట కదా!"

"లేదు నాన్నా" అంది పార్వతి. "అన్నాడు. తెలిసే అన్నాడు."

ఆయన అర్థం కాక ఒక్కొక్కరినీ చూశాడు. పార్వతి రంగా ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆకు నీ దగ్గరే ఉంచుకో" అంది. "కానీ ఆ మాట అన్నాక ఊరికే పోదు. అంబమ్మకు మీరు భరోసా ఇచ్చారు, నాకూ ఇవ్వాలి. తాంబూలాలు ఆగింది నాలో లోపం ఉండబట్టేనని క్యాంపంతా అనుకుంటోంది. చెల్లెలి పేరు పోతుంటే అన్న ఇక్కడ కూర్చుని తబక్‌లో తింటాడా? నాతో రా. అమ్మమ్మ ముందు, నలుగురూ వినేట్టు, ఏం చేశావో నువ్వే చెప్పు."

"నాయనమ్మ ముందా?" అన్నాడు రంగా.

"పో రంగా" అన్నాడు అమరప్ప. "నాలుగో మాట అనుడు అల్కనే. నిలబెట్టుకునుడే కష్టం, గిట్లుంటది."

రంగా పుస్తకాలు లోపల పెట్టి చెప్పులు వేసుకున్నాడు. బసవయ్య గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. బస్సులో ఒక్క సీటు దొరికితే రంగా పార్వతిని కూర్చోబెట్టి, తను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. శివరామకృష్ణయ్య మధ్యమధ్య నిట్టూర్చి తువ్వాలు దులుపుకున్నాడు.

క్యాంపు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. చెంచయ్య అక్కడే ఉన్నాడు. కబురేమిటో కనుక్కుందామని ఇరుగుపొరుగు కూడా ఒకరొకరే అరుగు చుట్టూ చేరారు. పరాయి ఇంటి సంగతులకు పిలుపులు అక్కర్లేదు గదా. హనుమాయమ్మ నులక మంచం మీద నిటారుగా కూర్చుంది.

రంగా నిలబడి చెప్పాడు. నోరు మూసుకోవచ్చని తెలిసీ ఆ మాట అన్నాననీ, పెళ్ళి ఇష్టం లేకే అన్నాననీ, పార్వతిలో వంక పెట్టడానికి ఏమీ లేదనీ, ఎవరైనా అలా అంటే తన దగ్గరికొచ్చి అనమనీ చెప్పాడు. చెంచయ్య చెయ్యెత్తి కొడుకు మీదికి వెళ్ళాడు. శివరామకృష్ణయ్య అడ్డం పడ్డాడు.

"ఇష్టం లేకపోతే నోరు లేదుట్రా నీకు?" అంది హనుమాయమ్మ.

"ఉంది నాయనమ్మా. నీ ముందు పనిచెయ్యదు."

ఎవరో కిసుక్కున నవ్వి సర్దుకున్నారు. హనుమాయమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. మనవడిని ఎగాదిగా చూసింది. ఆవిడ ఏ తీర్మానం చేసినా ఎదుటివాళ్ళు తలూపడమే ఇన్నాళ్ళూ చూసింది. ఆ ఊపిన తలల్లో ఏముందో చూడాలని ఇప్పుడే తోచినట్టుంది. మెల్లగా మనవరాలి వైపు తిరిగింది.

"నీక్కూడా ఇష్టం లేదుటే?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అడగలేదు.

"నాకిష్టమే అమ్మమ్మా" అంది పార్వతి. "ఊహ తెలిసినప్పట్నించీ ఇష్టమే."

రంగా చటుక్కున తలెత్తాడు. ఆమె కూడా తనలాగే పెద్దవాళ్ళు కట్టేస్తే కట్టుబడి ఉందనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఇష్టపడి ఉంటుందని ఏనాడూ తోచలేదు. ఏదో అనబోయాడు.

పార్వతి అననివ్వలేదు.

"రా అన్నయ్యా, కాళ్ళు కడుక్కో" అంది. "పొద్దుట్నించీ ఏమీ తినలేదు. అన్నం పెడతాను." అని లోపలికి వెళ్ళింది.